పగిలింది రంగా, కార్బనా? ఆ ఒక్క మాట చెప్పండి
(కార్బన్ సైకిళ్లు తయారుచేసే కంపెనీలకు, దిగుమతిదారులకు, డీలర్లకు, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు బెంగళూరు నుంచి బహిరంగ లేఖ)

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీరు మంచి సైకిళ్లే అమ్ముతున్నారు. అందులో నాకు పేచీ లేదు. ఆ మంచి సైకిల్‌కు దెబ్బ తగిలాక ఏం జరుగుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం. దీనికి ముందు కంపెనీకి నాలుగు మెయిళ్లు రాశాను, షోరూముకు ఆరుసార్లు తిరిగాను. పని కాలేదు కాబట్టి ఇప్పుడు నలుగురికీ కనిపించేలా రాస్తున్నాను.

మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఒక వస్తువు పనిచేస్తోందా లేదా, లేకపోతే ఎక్కడ చెడిందో చూసి రాసివ్వడమే రోజూ నేను చేసేది. ఈ విషయంలో నా మొండితనానికి కారణం బహుశా అదే.

2021లో రెండేళ్ల బోనస్ కూడబెట్టి, లక్షా తొంభై వేలకు ఈ ఊళ్లోనే ఒక షోరూములో కార్బన్ ఫ్రేమ్ సైకిల్ కొన్నాను. కొత్తదే. బిల్లు ఉంది, మొదటి ఓనర్‌ని నేనే. ఇంట్లో మాత్రం ధర సగమే చెప్పాను. ఈ ఉత్తరంతో ఆ గుట్టు కూడా బయటపడుతుంది, పడనీ.

2024 సంక్రాంతికి హోసకోట, చింతామణి మీదుగా ఊరికి తొక్కుకుంటూ బయల్దేరాను. చింతామణి దాటాక టీ కోసం ఆగి సైకిల్‌ని గోడకు ఆనించాను. పక్కనే కడప బండ పరిచిన అరుగు. ఒక లారీ దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆ గాలికి ముందు చక్రం తిరిగి సైకిల్ జారింది, టాప్ ట్యూబ్, అంటే సీటు దగ్గర నుంచి హ్యాండిల్ దాకా పోయే పైగొట్టం, పోయి బండ అంచుకు తగిలింది. ‘టప్’మని చిన్న చప్పుడు. నా చేతిలో టీ సగం కూడా అవలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే రంగు మీద చింతగింజంత మచ్చ, దాని అంచు నుంచి వెంట్రుకంత సన్నని గీత. పొడవు బొటనవేలి గోరంత. దాని మీద గోటితో గీస్తే గోరు తట్టుకుంటోంది.

పాత స్టీల్ సైకిల్ అయితే దులుపుకుని ఎక్కేవాణ్ని. అల్యూమినియం అయితే సొట్ట పడిందో లేదో కంటికి కనిపించేది. ఇది కార్బన్. పైన గీత కనిపించినా లోపల ఏమీ కాకపోవచ్చు. పైన ఏమీ కనిపించకపోయినా లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. ఎక్కడానికి ధైర్యం చాలక, మిగతా దారంతా సైకిల్‌ని ఒళ్లో పెట్టుకున్నంత పనిచేసి బస్సులో పోయాను.

పండగ అయ్యాక షోరూముకు తీసుకెళ్లాను. ఫోటోలు తీసి కంపెనీకి పంపారు. మూడు వారాలకు జవాబు వచ్చింది: రిపేరుకు మేము సిఫారసు చేయం, ఫ్రేమ్ మార్చుకోండి అని. ‘క్రాష్ రీప్లేస్‌మెంట్’ కింద 20 శాతం తగ్గించి 1,18,000 రూపాయలన్నారు. ఐదు నెలలు ఆగాలన్నారు. నా సైజు 54 రావడం లేదు, 56 తీసుకోండన్నారు. చెప్పుల కొట్టులో కూడా అలా అనరు.

నేను అడిగింది ఒక్కటే. పగిలింది పైన రంగా, లోపల కార్బనా? రంగే అయితే నా లక్ష రూపాయలు దండగ. కార్బన్ అయితే దాని మీద నంది కొండ దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రెండింట్లో ఏదో తేల్చమన్నాను. ఎవరూ ఫ్రేమ్‌ని వేలితో తట్టి కూడా చూడలేదు. ఫోటో చూసి డెత్ సర్టిఫికెట్ ఇచ్చేశారు. షోరూములో పనిచేసే కుప్పం కుర్రాడు గేటు దాకా నాతో వచ్చి, “అన్నా, ఏమనుకోవద్దు. చూసేదానికి మా దగ్గర మిషన్ లేదు. చూసినా రాసియ్యకూడదని చెప్పినారు” అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఆ ‘చెప్పినారు’ అన్నది ఎవరో, వాళ్లకే ఈ ఉత్తరం.

కార్బన్ గురించి జనంలో రెండు మాటలున్నాయి. గాజులాంటిది, ముట్టుకుంటే పగులుతుందని ఒకటి. జీవితాంతం చెక్కుచెదరదని ఇంకొకటి. అమ్మేటప్పుడు మీ వాళ్లు రెండోది చెబుతారు, రిపేరుకు తెస్తే మొదటిది చెబుతారు. రెండూ నిజం కాదు. ఒక్కో కార్బన్ పోగు 5 నుంచి 7 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో పదో వంతు. అలాంటి పోగుల్ని ఎపాక్సీ రెసిన్ అనే జిగురులో తడిపి, పొర మీద పొర ఒక్కో దిక్కుకు తిప్పి పేర్చి, అచ్చులో వేడిచేసి గట్టిపరిస్తే ఫ్రేమ్ అవుతుంది. వెదురు బొంగును గుర్తు తెచ్చుకోండి. నిలువునా ఎంత బరువైనా మోస్తుంది, పక్కనుంచి మొనదేలిన దెబ్బ పడితే చీలుతుంది. కార్బన్ గుణం కూడా దాదాపు అదే. టాప్ ట్యూబ్ మధ్యలో గోడ మందం మిల్లీమీటరుకు అటూఇటూ. తొక్కేటప్పుడు వచ్చే ఒత్తిడికి అది చాలా ఎక్కువ, కడప బండ అంచుకు చాలా తక్కువ.

తొక్కీ తొక్కీ అలసిపోవడం సంగతికొస్తే కార్బన్ అల్యూమినియం కంటే మెరుగు. అల్యూమినియానికి చిన్న చిన్న ఒత్తిళ్లు కూడా ఖాతాలో చేరుతూనే ఉంటాయి. సరిగ్గా చేసిన కార్బన్ ఫ్రేమ్‌కు ఆ బెడద తక్కువ. సైకిళ్ల భద్రతకు ఉన్న ఐఎస్‌ఓ 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఫ్రేమ్‌ని పెడల్ ఒత్తిడితో లక్షసార్లు నొక్కి చూస్తారు, బరువు పడేసి చూస్తారు. అవన్నీ కొత్త ఫ్రేమ్‌కు పెట్టే పరీక్షలు. వాడకంలో ఉన్న కార్బన్ ఫ్రేమ్‌ను చంపేది చాలావరకు వయసు కాదు. పక్కనుంచి తగిలిన దెబ్బ, లేదా అతిగా బిగించిన బోల్టు. 1986లోనే గ్రెగ్ లెమాండ్ కార్బన్ ఫ్రేమ్ మీద టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. నలభై ఏళ్ల సరుకు ఇది. ఇంకా దెబ్బ తగిలితే ఏం చేయాలో చెప్పడానికి మీకు నోరు రాకపోవడం వింతగా ఉంది.

అంతకంటే వింత ఇంకోటుంది. మా ఇంటి మేడ మీద నిలబడితే హెచ్‌ఏఎల్ రన్‌వే మీంచి లేచే తేజస్ యుద్ధవిమానం చప్పుడు వినిపిస్తుంది. 2001 జనవరి 4న ఈ ఊరి ఆకాశంలోనే మొదటిసారి ఎగిరిన ఆ విమానం ఒంటి (ఎయిర్‌ఫ్రేమ్) బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్లే, అంటే పోగుల్ని రెసిన్‌తో కలిపి చేసే పదార్థాలే, ముఖ్యంగా కార్బనే. దాని కార్బన్ భాగాల మీద పనిచేసిన నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ మా ఇంటి నుంచి సైకిల్ మీద అరగంట దూరం. కార్బన్ గురించి ఇంత తెలిసిన ఊరు దేశంలో ఇంకోటి ఉందనుకోను. అలాంటి ఊళ్లో ఒక సైకిల్ గొట్టం మీద గీత ఎంత లోతుందో చెప్పే కౌంటరు ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

విమానాలకైతే దెబ్బ తగలగానే పారేయమనరు. బోయింగ్ 787 బరువులో సగం కాంపోజిట్లే. 2013 జులైలో లండన్ హీత్రో విమానాశ్రయంలో ఆగి ఉన్న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 787కు వెనక భాగంలో నిప్పంటుకుని పైకప్పు కాలింది. ఆ కాలిన ఒంటిని రిపేరు చేశారు, మళ్లీ ప్రయాణికుల్ని ఎక్కించుకుని ఎగిరింది. ప్రతి విమానానికీ ఒక రిపేరు పుస్తకం ఉంటుంది. ఫలానా చోట ఇంత దెబ్బవరకు ఫర్వాలేదు, ఇంతయితే రిపేరు చేయాలి, అది దాటితే భాగం మార్చాలి అని కొలతలతో సహా రాసి ఉంటుంది. నేనడిగేది ఆ పుస్తకంలో ఒక్క పేజీ. సైకిల్‌కు సరిపడా.

చివరికి నేను ఏం చేశానో కూడా చెబుతాను. పీణ్యా పారిశ్రామిక వాడలో డ్రోన్ రెక్కలు చేసే ఒకాయన ఖాళీ ఉన్నప్పుడు సైకిల్ ఫ్రేములు కూడా చూస్తాడని విని వెళ్లాను. ఆయన మొదట జేబులోంచి ఐదు రూపాయల బిళ్ల తీశాడు. టాప్ ట్యూబ్ ఒక చివర నుంచి తట్టుకుంటూ వచ్చాడు. ‘టక్, టక్, టక్’. మచ్చ దగ్గరికి రాగానే చప్పుడు మారింది, ‘డొప్’మంది. చిన్నప్పుడు సంతలో మా అవ్వ కుండను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి, ఖంగుమనకపోతే కిందపెట్టి పక్కది తీసేది. అదే విద్య. ఇది అన్నిచోట్లా నమ్మదగ్గది కాదని కూడా ఆయనే చెప్పాడు. గొట్టాలు కలిసే చోట మందం మారుతుంది కాబట్టి చప్పుడూ మారుతుంది, అక్కడ అల్ట్రాసౌండ్ కావాలన్నాడు.

తర్వాత మాస్కు కట్టుకుని, నీళ్లు చల్లుతూ ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. ఎర్ర రంగు పోయింది, తెల్ల ప్రైమర్ పోయింది, నల్లగా నేత కనిపించింది. పైన బొటనవేలి గోరంత ఉన్న గీత కింద రెండంగుళాలు పాకి ఉంది. నాకు చెమట పట్టింది. అంటే ‘పైన చిన్న గీతే కదా’ అని తొక్కేసి ఉంటే! ఆయన దెబ్బ చుట్టూ మెట్లు మెట్లుగా పల్చన చేసుకుంటూ పోయాడు. ఆ గుంటలో చిన్న ముక్క, దాని మీద కాస్త పెద్దది, దాని మీద ఇంకాస్త పెద్దది, పాత పొర ఏ దిక్కున ఉందో అదే దిక్కున కొత్త కార్బన్ గుడ్డ పరిచి రెసిన్ పట్టించాడు. పైన గట్టిగా టేపు చుట్టి, దీపం కింద రాత్రంతా వేడిలో ఉంచాడు. 13,500 రూపాయలు, పన్నెండు రోజులు. రంగు మాత్రం కలవలేదు, అక్కడ కొంచెం ముదురెరుపు. ఆ తర్వాత పదకొండు వేల కిలోమీటర్లు తొక్కాను, 300 కిలోమీటర్ల బ్రెవె (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ యాత్ర) కూడా చేశాను.

నా సైకిల్ బాగుంది కాబట్టి అందరూ ఇలాగే చేయండని నేననడం లేదు. ఆయన దగ్గర ఏ సర్టిఫికెటూ లేదు, మీ పొరల అమరిక కాగితమూ లేదు. రుద్దుతూ పోయి, కంటితో చూసి, అనుభవంతో చేశాడు. నంది కొండ దిగేటప్పుడు ఈనాటికీ ఆ ముదురెరుపు మచ్చ మీదికే నా కళ్లు పోతాయి. ఆ టెన్షన్ తీసేసే కాగితం మీరొక్కరే ఇవ్వగలరు. ఇవ్వడం లేదు.

“లక్షల సైకిల్ తొక్కేవాడికి కష్టమేంటి” అని చాలామంది అంటారు. మా నాన్న కూడా అదే అన్నాడు. కానీ ‘మేము చూడం’ అని మీరు తిప్పి పంపేసిన ఫ్రేములన్నీ ఎక్కడికి పోతున్నాయో, ఎవరి మీద పడుతున్నాయో చూడండి.

1. అవి సెకండ్ హ్యాండ్‌లో దిగుతున్నాయి. మా గ్రూపులో హిందూపురం తమ్ముడొకడున్నాడు, జిమ్ ట్రైనర్. 38,000కు ఆన్‌లైన్లో పాత కార్బన్ సైకిల్ కొన్నాడు. తళతళలాడే కొత్త రంగు చూసి మురిసిపోయాడు. నాలుగో నెలలో హెసరఘట్ట రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే డౌన్ ట్యూబ్, అంటే హ్యాండిల్ నుంచి పెడల్స్ దాకా దిగే గొట్టం, విరిగింది. విరిగిన చోట చూస్తే లోపల కార్బన్ అతుకు లేదు, కార్లకు పూసే పుట్టీ ఉంది. కాలర్ బోన్‌కు ప్లేటు వేశారు. రెండు నెలలు పని లేదు, జీతం లేదు. అమ్మినవాడి ఫోన్ పనిచేయలేదు. రిపేరు చేయకూడదని మీరు పెట్టిన నియమం రిపేరును ఆపలేదు. చాటుకు నెట్టింది, అంతే. చాటున జరిగే పనిలో మంచి చేయి, చెడ్డ చేయి తేడా తెలియదు. మంచిగా చేయించుకున్నవాడు కూడా అమ్మేటప్పుడు ధర పోతుందని నోరు మెదపడు.

2. రేసుల్లో పాల్గొనే పేద పిల్లల మీద పడుతోంది. విజయపుర, బాగల్‌కోట జిల్లాల రైతు కుటుంబాల నుంచి జాతీయ స్థాయి సైకిలిస్టులు వస్తున్నారని కర్ణాటకలో అందరికీ తెలుసు. అలాంటి పిల్లలు తొక్కే కార్బన్ సైకిల్ చాలాసార్లు ఒక సీనియర్ నుంచి జూనియర్‌కు, వాడి నుంచి ఇంకొకడికి చేతులు మారినదే. మీ ‘లైఫ్‌టైమ్ వారంటీ’ చాలా కంపెనీల్లో మొదటి ఓనర్‌కే. మూడో చేతిలో ఉన్న పిల్లాడికి గీత కనిపిస్తే ఎవరిని అడగాలి? అడగడు. రేసు ఆదివారం, వాడు ఆదివారం తొక్కుతాడు.

3. మెకానిక్ జీతం మీద పడుతోంది. సీటును నిలబెట్టే గొట్టం (సీట్ పోస్ట్) దగ్గర బోల్టును 5 న్యూటన్ మీటర్లకు (బిగింపు బలానికి కొలత) మించి బిగించొద్దని ఫ్రేమ్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి చూపే టార్క్ రెంచ్ లేని కొట్టులో ఆ 5 అంటే ఎంతో చేతికి ఎలా తెలుస్తుంది? స్టీల్ సైకిల్ నేర్పిన అలవాటు ‘ఇంకో సగం తిప్పు’ అంటుంది. నాకు తెలిసిన ఒక మెకానిక్ అలా బిగిస్తుంటే “సౌండ్ వచ్చిందన్నా, మా ఓనర్ మొహం చూడలేకపోయినా” అని చెప్పాడు. ఆ కొట్టు పేరు ఇక్కడ వద్దు. ఆ ఫ్రేమ్ తాలూకు డబ్బు అతని జీతంలోంచి నెలనెలా కోసుకున్నారు. రిపేరు స్టాండుకు టాప్ ట్యూబ్‌ను పట్టించి నలిపేసిన వాళ్లూ ఉన్నారు. ఎవరూ కావాలని చేయలేదు. ఎవరూ నేర్పలేదు. నా సైకిల్‌తో వచ్చిన మాన్యువల్‌లో పదకొండు భాషలున్నాయి, మన దేశం భాష ఒక్కటి కూడా లేదు.

4. చెత్త. మీరు మార్చమన్న ఫ్రేమ్ ఏం చేయాలి? మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన తన పగిలిన ఫ్రేమ్‌ను పాత సామాన్లవాడికి ఇవ్వబోతే వాడు అయస్కాంతం పెట్టి చూశాడు, అంటుకోలేదు. గోటితో గీశాడు. “అల్యూమినియమా సార్?” కాదు. “ప్లాస్టిక్కా?” అదీ కాదు. “అయితే నాకొద్దు సార్” అని తిరిగిచ్చేసి పోయాడు. ఒకసారి గట్టిపడిన ఎపాక్సీని మళ్లీ కరిగించి పోత పోయడం కుదరదు. ఆ ఫ్రేమ్ ఇంకా వాళ్ల సైకిల్ స్టాండులో దుమ్ముకొట్టుకుంటోంది.

5. మిగిలింది మాలాంటి వాళ్లం. కొందరు భయపడి బాగున్న ఫ్రేమ్ పారేస్తున్నారు, కొందరు డబ్బు లేక పగిలిన ఫ్రేమ్ తొక్కుతున్నారు. ఈ రెండోవాళ్ల గురించి రాత్రిళ్లు నిజంగా బెంగగా ఉంటుంది.

మీ పక్షాన కూడా రెండు మాటలు చెప్పాలి. హ్యాండిల్ బార్, ఫోర్క్, ముఖ్యంగా ఫోర్క్ పైన హ్యాండిల్ కిందుగా పోయే స్టీరర్ గొట్టం, వీటికి దెబ్బ తగిలితే అతుకులు వద్దు, మార్చేయాలి అంటే నేను చేతులెత్తి ఒప్పుకుంటాను. అవి విరిగితే మొహం నేలకే. ఎవడో ఎక్కడో చేసిన రిపేరుకు కంపెనీ పూచీ పడాలని కూడా అనడం లేదు. 2023 బడ్జెట్‌లో సైకిళ్ల దిగుమతి సుంకం 30 నుంచి 35 శాతానికి పెంచినప్పుడు మీకు బరువు పెరిగిన మాట నిజమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిన మాట కూడా నిజమే కదా. తనిఖీ కౌంటరుకు ఈ రెండూ అడ్డం కాదు.

చట్టం సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్‌లో ఒక మాటుంది: హాని జరగకుండా ఎలా వాడాలో, ఎలా వాడకూడదో తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే దానికి తయారీదారు బాధ్యుడు. పక్కదెబ్బ తగిలిన కార్బన్‌ను ఎలా గుర్తించాలో, ఎప్పుడు తొక్కడం ఆపాలో చెప్పడం ‘తగిన సూచన’ కాదా? “ఏదైనా అనుమానముంటే డీలర్‌ను సంప్రదించండి” అని మాన్యువల్‌లో ఉంది. సంప్రదించాను. పైన రాసిందంతా ఆ సంప్రదింపే.

నా కోరికలు ఇవి.

1. ప్రతి మోడల్‌కు ఒక దెబ్బల పటం ఇవ్వండి. ఫ్రేమ్ బొమ్మ గీసి, ఏ భాగంలో ఎంత దెబ్బ రిపేరుకు పనికొస్తుంది, ఎక్కడైతే ముట్టుకోకుండా మార్చాలి అన్నది మూడు రంగుల్లో చూపండి. మీ ఇంజినీర్లకు తెలియని సంగతేం కాదిది. పొరల రహస్యాలు మీ దగ్గరే ఉంచుకోండి, పటం చాలు.

2. బెంగళూరులో కనీసం ఒక తనిఖీ కౌంటరు పెట్టండి. అల్ట్రాసౌండ్ మిషన్, అది వాడడం తెలిసిన మనిషి. ఫీజు తీసుకోండి, రెండు మూడు వేలైనా ఇస్తాం. పదిహేను రోజుల్లో కాగితం మీద జవాబు రావాలి: పగిలింది రంగు, లేదా కార్బన్. సంతకంతో. ఒక్కో కంపెనీకి విడిగా పెట్టడం బరువనుకుంటే అందరూ కలిసి ఒకటి పెట్టండి. కాంపోజిట్లలో పనిచేసి రిటైరైన వాళ్లు ఈ ఊళ్లో వీధికొకరున్నారు.

3. క్రాష్ రీప్లేస్‌మెంట్ ధర, ఎన్నేళ్లపాటు ఆ సైజు ఫ్రేమ్ దొరుకుతుందో కొనేటప్పుడే బిల్లు మీద రాయండి. దెబ్బ తగిలాక చెప్పే ధర బేరం కాదు, బెదిరింపు.

4. టాప్ ట్యూబ్ మీద రిపేరు చేయించామని పెడల్స్ ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ వారంటీ కూడా రద్దు చేయకండి. రిపేరుకూ ఆ లోపానికీ సంబంధం ఉందని చూపించగలిగినప్పుడే కాదనండి.

5. టార్క్ (బిగింపు బలం) అంకెల్ని పెద్ద అక్షరాల్లో, కన్నడ, తెలుగు, తమిళం, హిందీలో స్టిక్కరు వేయండి. కార్బన్ సైకిల్ అమ్మే ప్రతి కొట్టుకూ ఒక టార్క్ రెంచ్ మీరే ఇవ్వండి. మెకానిక్‌కు ఒక పూట శిక్షణ ఇవ్వండి. అది ఇవ్వకుండా అతని జీతంలో కోసే హక్కు ఎవరికీ లేదని డీలర్లకు రాతపూర్వకంగా చెప్పండి.

6. ఇది వినియోగదారుల వ్యవహారాల శాఖకు. 2022 జులైలో మీరు వేసిన రిపేరు హక్కు కమిటీ నాలుగు రంగాలను ఎంచుకుంది: వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ట్యాబ్లెట్లు, ఇంటి వస్తువులు, ఆటోమొబైళ్లు. ఆ ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ కూడా ప్రారంభించారు. మంచి పని. ఆ జాబితాలో సైకిల్ లేదు. చేర్చండి. 2020లో సైకిల్ రిఫ్లెక్టర్లకు క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ తెచ్చిన ప్రభుత్వమే ఇది. వెనకనుంచి వచ్చే లారీకి సైకిల్ కనిపించాలని అంత శ్రద్ధ పెట్టినప్పుడు, సైకిల్ మధ్యలో విరగకుండా చూడడానికి ఒక పేజీ మార్గదర్శకాలు పెద్ద పనేమీ కాదు. కార్బన్ రిపేరు చేసేవాళ్లకు ఒక పరీక్ష, ఒక సర్టిఫికెట్, చేసిన పనికి ఫోటోలతో రికార్డు ఉండాలని పెట్టండి. పీణ్యాలో ఆయన లాంటివాళ్లు సంతోషంగా వచ్చి పరీక్ష రాస్తారు. పుట్టీ పూసేవాళ్లు రారు. తేడా అక్కడే తెలిసిపోతుంది.

7. ఇది తోటి సైకిలిస్టులకు. అమ్మేటప్పుడు అతుకుంటే అతుకుందని చెప్పండి. నా ఫ్రేమ్ ఎప్పుడైనా అమ్మితే రిపేరు ఫోటోలు పద్దెనిమిది ఉన్నాయి, సైకిల్‌తో పాటు అవీ ఇస్తాను. తగ్గేది పది వేలో ఇరవై వేలో తగ్గనీ.

ఈ లేఖ కాపీని బిల్లుతో, ఫోటోలతో, మీరు పంపిన జవాబుతో కలిపి కంపెనీకి, డీలర్‌కు, శాఖకు రిజిస్టర్ పోస్టులో పంపాను. అరవై రోజులు చూస్తాను. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు వస్తువుకు అక్కడ ఫీజు కూడా లేదు, అది కనుక్కునే రాస్తున్నాను.

జవాబు తెలుగులో ఇచ్చినా, కన్నడలో ఇచ్చినా, ఇంగ్లిష్‌లో ఇచ్చినా నాకు ఫర్వాలేదు. “మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది” అన్న ఆటోమేటిక్ మెయిల్ మాత్రం వద్దు. అవి ఇప్పటికే నాలుగున్నాయి.

ఇట్లు,
మదనపల్లెకు చెందిన ఒక సైకిలిస్టు
మారతహళ్లి, బెంగళూరు